ప్లాస్మా కణాలలో ‘తగ్గిన’ జన్యువులు నిజంగా తగ్గాయా?

పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు

విశాఖపట్నం నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో కొన్ని ఒకే విషయానికి సంబంధించినవి కావడంతో, వాటిని ఒక్కచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాము. మద్దిలపాలెం నుంచి వచ్చిన ప్రశ్నకు ఎక్కువ చోటు కేటాయించవలసి వచ్చింది. మిగిలినవారు అన్యథా భావించవద్దని మనవి.

ప్రశ్న: రోగనిరోధక కణాలలో ఒకటైన బీ కణమే ప్లాస్మా కణంగా మారి యాంటీబాడీలను విడుదల చేస్తుందని ఇంటర్మీడియట్ విద్యార్థులకు చెబుతున్నాం. రెండు కణాలలోనూ ఉన్నవి అవే జన్యువులైనప్పుడు, వాటి మధ్య జన్యు వ్యక్తీకరణను పోల్చడమంటే దేనిని కొలవడం?
– జీవశాస్త్ర అధ్యాపకుడు, భీమునిపట్నం

సమాధానం: అవే జన్యువులన్న మాట దాదాపుగా నిజం. దాదాపుగా అని ఎందుకు అనవలసి వస్తున్నదంటే, ఆ నియమానికి శరీరంలో ఉన్న ప్రసిద్ధమైన మినహాయింపు సరిగ్గా ఈ కణాలకు చెందినదే. యాంటీబాడీని నిర్దేశించే జన్యువు పిండదశలో విడివిడి ముక్కలుగా ఉంటుంది. ఎముక మజ్జలో బీ కణం రూపుదిద్దుకునేటప్పుడు ఆ ముక్కలలో కొన్ని ఎంపికై, ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. సుసుము టొనెగావా 1976లో ఈ సంగతిని ఎలుకల మీదనే నిరూపించారు. ఎలుక పిండం నుంచి తీసిన డీఎన్ఏను, ఎలుక ప్లాస్మా కణాల కంతి నుంచి తీసిన డీఎన్ఏను పక్కపక్కన పెట్టి పరీక్షించి, పిండంలో దూరదూరంగా ఉన్న ముక్కలు కంతి కణాలలో దగ్గరకు చేరాయని చూపించారు. అందుకు 1987లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

అయితే ఈ అతుకుపని బీ కణం దశలోనే ముగుస్తుంది. అదే బీ కణం యాంటిజెన్‌ను (క్రిముల వంటి వాటిలోని పరాయి పదార్థాన్ని) ఎదుర్కొని ప్లాస్మా కణంగా మారేటప్పుడు, ఉన్న జన్యువులలో ఏవి ఎంత మేరకు ఎంఆర్ఎన్ఏగా నకలవుతున్నాయన్నది ప్రధానంగా మారుతుంది. ఆ నకళ్ళను లెక్కపెట్టడమే జన్యు వ్యక్తీకరణను కొలవడం. మీ ప్రయోగశాలలో రంగు అద్దిన ఎముక మజ్జ స్లైడు ఉంటే, ఈ మార్పు ఫలితాన్ని విద్యార్థులకు కళ్ళారా చూపించవచ్చు. విశ్రాంత స్థితిలో ఉన్న బీ కణం చిన్నది. గుండ్రని కేంద్రకం దాదాపు కణమంతా ఆక్రమించి, కణద్రవ్యం చుట్టూ సన్నని అంచుగా మాత్రమే కనిపిస్తుంది. ప్లాస్మా కణం అంతకంటే పెద్దది. కేంద్రకం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, మిగిలిన భాగం ముదురు నీలంగా కనిపిస్తుంది, కేంద్రకాన్ని ఆనుకొని ఒక లేత మచ్చ ఉంటుంది. నీలిరంగుకు కారణం అక్కడ కిక్కిరిసి ఉన్న రైబోజోములలోని ఆర్ఎన్ఏ, లేత మచ్చ గాల్జీ సంక్లిష్టం ఉన్న చోటు. సెకనుకు వేల సంఖ్యలో యాంటీబాడీ అణువులను బయటికి పంపే కణానికి అంత రైబోజోము సంపద, అంత గాల్జీ తప్పనిసరి.

ఈ మార్పును నడిపించే జన్యువులలో ముఖ్యమైనవి కొన్ని పాఠంలో చేర్చదగినవే. బీ కణం తన స్వభావాన్ని నిలుపుకోవడానికి పాక్స్5, బాక్2 వంటి నియంత్రక ప్రోటీన్లు కావాలి. ప్లాస్మా కణంగా మారే దశలో ఐఆర్ఎఫ్4 మోతాదు పెరుగుతుంది, బ్లింప్-1 రంగంలోకి వస్తుంది. ఎలుక కణాలలో 1994లో గుర్తించిన ఈ బ్లింప్-1 పాక్స్5ను అణచివేస్తుంది. టీ కణాలకు యాంటిజెన్‌ను చూపించే ఎంహెచ్‌సీ రెండో తరగతి అణువులను నడిపించే సీఐఐటీఏనూ అణచివేస్తుంది. ఎక్స్‌బీపీ1 అన్న మరొక ప్రోటీన్ స్రవించవలసిన ప్రోటీన్లు తయారయ్యే అంతర్జీవ ద్రవ్యజాలాన్ని విస్తరింపజేస్తుంది. అది లేని ఎలుక బీ కణాలు యాంటీబాడీలను తగినంతగా స్రవించలేవని 2001లో తేలింది. ఈ ఎక్స్‌బీపీ1 ఎంఆర్ఎన్ఏ నుంచి సరిగ్గా 26 న్యూక్లియోటైడ్లను కత్తిరించిన తరువాతనే చురుకైన ప్రోటీన్ తయారవుతుంది.

ప్రశ్న: అందరికీ అందుబాటులో ఉన్న ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ సమాచారాన్ని తీసుకొని, ఎలుక ప్లీహంలోని బీ కణాలను ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలతో పోల్చాను. ఒక్కో వైపు మూడేసి నమూనాలున్నాయి. రీడ్లను (యంత్రం చదివిన ముక్కలను) ‘పది లక్షలకు ఇన్ని’ అన్న లెక్కకు మార్చి చూస్తే వేల జన్యువులు ప్లాస్మా కణాలలో తగ్గినట్టు వస్తున్నాయి. ఏ కణమైనా బతకడానికి కావలసిన సాధారణ జన్యువులు కూడా వాటిలో ఉన్నాయి. మా గైడ్ గారు నమ్మడం లేదు. పొరపాటు ఎక్కడ జరిగి ఉంటుంది?
– పరిశోధక విద్యార్థిని, మద్దిలపాలెం

సమాధానం: మీ గైడ్ గారి అనుమానం సరైనదే. మీ ప్రోగ్రాంలో తప్పు ఉండకపోవచ్చు. తప్పు ‘పది లక్షలకు ఇన్ని’ అన్న కొలమానాన్ని ఈ రెండు కణాలకు ఒకే తీరున వర్తింపజేయడంలో ఉంది.

సీక్వెన్సింగ్ యంత్రం కణంలో ఎన్ని ఎంఆర్ఎన్ఏలు ఉన్నాయో చెప్పదు. ఆ నమూనా నుంచి కొన్ని కోట్ల ముక్కలను చదివి, వాటిలో ఏ జన్యువు వాటా ఎంతో మాత్రమే చెబుతుంది. విశాఖ చేపల రేవుకు రెండు పడవలు వచ్చాయనుకోండి. రెండింటిలోనూ వంజరాలు 20 చొప్పున ఉన్నాయి, కానీ రెండో పడవలో వాటితోపాటు కవళ్ళు గుట్టగా పడ్డాయి. ఒక్కో పడవ నుంచి చేతికందిన 100 చేపలు తీసి లెక్కపెడితే రెండో పడవలో వంజరాలు తక్కువగా కనబడతాయి. అంతమాత్రాన ఆ పడవవారికి వంజరాలు తక్కువ పడ్డాయని అనలేము. ప్లాస్మా కణంలో ఆ గుట్ట యాంటీబాడీ జన్యువుల ఎంఆర్ఎన్ఏదే. ఆ కణంలోని మొత్తం ఎంఆర్ఎన్ఏలో సగానికి పైగా అదే ఉంటుంది.

అంకెలలో చూస్తే విషయం స్పష్టమవుతుంది. లెక్క కోసం, బీ కణం నమూనాలో యాంటీబాడీ రీడ్లు 5 శాతం, ప్లాస్మా కణం నమూనాలో 70 శాతం అనుకుందాం. అప్పుడు మిగిలిన జన్యువులన్నింటికీ కలిపి మొదటి నమూనాలో 95 శాతం చోటు దొరికితే, రెండో దానిలో దొరికేది 30 శాతమే. మిగతా జన్యువుల మధ్య తన స్థానాన్ని ఏమాత్రం మార్చుకోని ఒక జన్యువు కూడా ‘పది లక్షలకు ఇన్ని’ లెక్కలో మూడింట ఒక వంతుకు కొద్దిగా దిగువకు పడిపోతుంది. లాగ్2 తేడాగా (రెండింతలైతే +1, సగమైతే −1 అన్న లెక్కలో) చెబితే అది −1.66. మీరు −1 దగ్గర గీత గీసి ‘తగ్గిన జన్యువులు’ అని జాబితా తీసి ఉంటే, వేల పేర్లు రావడంలో వింత లేదు. జన్యువు పొడవును కూడా పరిగణించే టీపీఎం, ఎఫ్‌పీకేఎం లెక్కలకు మారినా ఈ దోషం పోదు, అవి కూడా వాటాలే కనుక.

దీనికి విరుగుడు 2010 నుంచీ ఉంది. మార్క్ రాబిన్సన్, అలీషియా ఓష్లాక్ ప్రతిపాదించిన టీఎంఎం పద్ధతి రెండు నమూనాల మధ్య విపరీతంగా పెరిగిన, తగ్గిన జన్యువులను రెండు కొసల నుంచి పక్కనపెట్టి, మధ్యలో మిగిలినవాటి సగటు తేడా సున్నా అయ్యేలా కొలమానాన్ని సవరిస్తుంది. వ్యక్తీకరణ తేడాలను లెక్కించే ఎడ్జ్ఆర్ ప్యాకేజీలో ఇది ఒక్క వరుస ఆదేశంతో జరిగే పని. అదే పనికి లిమ్మా ప్యాకేజీ వాడేవారూ ముందుగా దీనినే నడుపుతారు. డీసెక్2 అన్న మరో ప్యాకేజీలో ఉన్న మధ్యగత నిష్పత్తుల పద్ధతి వేరే దారిలో వెళ్ళినా చేరేది దాదాపు అక్కడికే. ముడి కౌంట్లతో (ఒక్కో జన్యువుకు వచ్చిన రీడ్ల అసలు సంఖ్యలతో) మొదలుపెట్టి ఈ రెండింటిలో ఏదో ఒకటి చేయండి. మీ జాబితా గణనీయంగా కుదించుకుపోవాలి.

ఇక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు. ఈ పద్ధతులన్నీ ‘అధిక సంఖ్యాక జన్యువులు మారవు’ అన్న ఊహ మీద నిలబడ్డాయి. దగ్గరి పోలికలున్న కణాల మధ్య అది ఇబ్బంది పెట్టదు. బీ కణానికీ ప్లాస్మా కణానికీ మధ్య ఉన్న అగాధంలో దానిని కళ్ళు మూసుకొని నమ్మలేము. సవరణ తరువాత సగటు వ్యక్తీకరణను అడ్డంగానూ, లాగ్2 తేడాను నిలువుగానూ వేసి బొమ్మ గీయండి. చుక్కల దట్టమైన భాగం సున్నా గీతను ఆనుకొని ఉంటే సరే. మొత్తంగా పైకో కిందికో వాలి ఉంటే సవరణ కుదరలేదని అర్థం.

అంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. ప్లాస్మా కణం పెద్దది, దానిలోని మొత్తం ఎంఆర్ఎన్ఏ కూడా ఎక్కువ. పై ఉదాహరణలోనే ప్లాస్మా కణంలో మొత్తం ఎంఆర్ఎన్ఏ బీ కణంలో కంటే నాలుగు రెట్లు ఉందని అనుకుంటే, మనం తీసుకున్న ఆ జన్యువు నకళ్ళు కణానికి ఇన్ని అన్న లెక్కలో నిజానికి సుమారు పావు వంతు పెరుగుతాయి. ఒకే జన్యువుకు మూడు సమాధానాలు వచ్చాయి చూడండి: వాటాలలో −1.66, టీఎంఎం తరువాత 0, కణానికి లెక్కిస్తే +0.34. మూడింటిలో ఏదీ అబద్ధం కాదు, ప్రతిదానికీ ప్రశ్న వేరు. మూడో సమాధానం కావాలంటే, కణాలను లెక్కపెట్టి, వాటి సంఖ్యకు తగినట్టు తెలిసిన మోతాదులో కృత్రిమ ఆర్ఎన్ఏను నమూనాలో ముందే కలిపి ఉండాలి. అలా కలపడానికి వాడే ఈఆర్‌సీసీ మిశ్రమంలో 92 రకాల ఆర్ఎన్ఏలు ఉంటాయి. మీరు దిగుమతి చేసుకున్న సమాచారంలో అవి లేకపోతే, ఎంతటి గణాంక పద్ధతీ ఆ లోటును తరువాత పూడ్చలేదు. సిద్ధాంత గ్రంథంలో ‘కణంలో తగ్గింది’ అని కాక, ‘యాంటీబాడీయేతర ఎంఆర్ఎన్ఏలో వాటా తగ్గింది’ అని రాయండి. వాక్యం కొంత పొడవవుతుంది గానీ పరీక్షకులు వేలు పెట్టడానికి చోటుండదు.

ఇంత చెప్పినా, మీ ఫలితాలలో గట్టివి చాలానే ఉంటాయి. పాక్స్5, సీడీ19, సీఐఐటీఏ, సీఎక్స్‌సీఆర్5, స్పైబీ వంటి బీ కణ జన్యువులు ప్లాస్మా కణాలలో దాదాపు అడుగంటుతాయి. ఏ కొలమానం వాడినా వాటి కథ మారదు. రెండు మూడు రెట్ల తేడా చూపే జన్యువుల దగ్గరే జాగ్రత్త అవసరం.

ఏ బీ కణాలను ఏ ప్లాస్మా కణాలతో పోల్చారో కూడా చూసుకోండి. ప్లీహంలోని విశ్రాంత బీ కణాలను, బాక్టీరియా పొర పదార్థమైన ఎల్‌పీఎస్‌తో ప్రేరేపించి పళ్ళెంలో పెంచిన ప్లాస్మాబ్లాస్టులతో (ప్లాస్మా కణాల తొలి దశతో) పోలిస్తే, జాబితా పైభాగమంతా కణ విభజన జన్యువులతో నిండిపోతుంది. ఎందుకంటే ప్లాస్మాబ్లాస్టులు ఇంకా విభజన చెందుతూ ఉంటాయి, ఎముక మజ్జలో స్థిరపడిన ప్లాస్మా కణాలు చెందవు. మెల్‌బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలైజా హాల్ సంస్థ పరిశోధకులు బ్లింప్-1 జన్యువు పనిచేసే కణాలు ఆకుపచ్చగా మెరిసే ఎలుకలను ఉపయోగించి, 2015లో ప్రచురించిన అధ్యయనంలో అనేక రకాల బీ కణాలను, ప్లాస్మా కణాల వేర్వేరు దశలను విడివిడిగా వేరుచేసి పోల్చారు. అలా పోల్చినందువల్లనే అన్ని యాంటీబాడీ స్రావక కణాలకూ ఉమ్మడిగా ఉండే సుమారు 300 జన్యువుల గుర్తింపు జాబితాను నిలబెట్టగలిగారు. మూడు నమూనాలంటే మూడు వేర్వేరు ఎలుకల నుంచి వచ్చినవా, ఒకే ఎలుక నుంచి తీసిన ఆర్ఎన్ఏను మూడు భాగాలు చేసినవా అన్నది కూడా వివరాల పట్టికలో చూడండి. రెండోదైతే అవి గణాంకపరంగా ఒక్క నమూనా కిందే లెక్క.

అదే ఉత్తరంలో రెండో ప్రశ్న: అయితే యాంటీబాడీ జన్యువుల రీడ్లన్నింటినీ ముందే తీసేసి లెక్క మొదలుపెట్టవచ్చా?

సమాధానం: సవరణ గుణకాన్ని లెక్కించడానికి తీసేయవచ్చు, చాలా సందర్భాలలో అదే మేలు. కానీ పారేయకండి. యాంటిజెన్‌ను పట్టుకొనే వేరియబుల్ భాగాల జన్యువులను మాత్రం తేడాల పరీక్షలో చేర్చకపోవడమే మంచిది. అవి ఒకదానినొకటి పోలి ఉండటం వల్ల ఒకే రీడ్ అనేక చోట్ల సరిపోతుంది, అటువంటి రీడ్లను ఫీచర్‌కౌంట్స్ వంటి ప్రోగ్రాములు మామూలు అమరికలో లెక్కలోకి తీసుకోవు. పైగా ఒక ఎలుకలో ఏదో ఒక ప్లాస్మా కణపు సంతతి బాగా వృద్ధి చెంది ఉంటే, దాని వేరియబుల్ జన్యువు ఒక్కటే ఆకాశానికి అంటినట్టు కనిపిస్తుంది. దానికీ ప్లాస్మా కణపు సాధారణ స్వభావానికీ సంబంధం లేదు.

ఒకే తరగతి యాంటీబాడీలలో మారకుండా ఉండే స్థిర భాగాల సంగతి వేరు. ఎలుకలో 12వ క్రోమోజోము మీద ఉన్న, ఐజీఎం యాంటీబాడీకి చెందిన మ్యూ గొలుసు జన్యువునే చూడండి. మీ పట్టికలో అది ఒకే వరుస, ‘పెరిగింది’ అన్న ఒకే మాట. కానీ బీ కణం ఆ జన్యువు నుంచి ప్రధానంగా కణం పొరలో గుచ్చుకొని ఉండే రూపాన్ని తయారు చేస్తుంది, ప్లాస్మా కణం బయటికి స్రవించే రూపాన్ని తయారు చేస్తుంది. ఎంఆర్ఎన్ఏ చివరను ముందున్న చోట కత్తిరిస్తే స్రవించే రూపం, అక్కడ ఆగకుండా ముందుకు సాగి పొరకు సంబంధించిన రెండు ఎక్సాన్లను (ఎంఆర్ఎన్ఏలో మిగిలే జన్యు ముక్కలను) కలుపుకొంటే పొర రూపం. 1980లో ఎలుక కణాలలో బయటపడిన ఈ ఏర్పాటు, ఒకే జన్యువు నుంచి రెండు రకాల ఎంఆర్ఎన్ఏలు రావడానికి తొలి ఉదాహరణలలో ఒకటి; ప్లాస్మా కణాలలో పెరిగే ఈఎల్ఎల్2 అన్న ప్రోటీన్ స్రవించే రూపం వైపు మొగ్గు చూపిస్తుంది. జన్యువు స్థాయిలో కాక ఎక్సాన్ స్థాయిలో రీడ్లను లెక్కిస్తే ఈ మార్పు మీ సమాచారంలోనే కనిపిస్తుంది. నన్నడిగితే, వేల పేర్ల జాబితా కన్నా ఈ ఒక్క బొమ్మ మీ సిద్ధాంత గ్రంథానికి ఎక్కువ బలాన్నిస్తుంది.

ప్రశ్న: మా బావగారికి మల్టిపుల్ మైలోమా ఉందని చెప్పి, కణం ఉపరితలం మీది సీడీ38 అన్న ప్రోటీన్ మీద పనిచేసే మందు ఇస్తున్నారు. ఎలుకల ప్లాస్మా కణాలలో సీడీ38 తగ్గుతుందని ఎక్కడో చదివాను. మరి ఆ మందు ఎలా పనిచేస్తుంది?
– ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: అమ్మా, మీరు చదివినది నిజమే, మందు విషయంలో కంగారు పడవలసిన పనీ లేదు. ఎలుకలో సీడీ38 విశ్రాంత బీ కణాల మీద ఎక్కువగా ఉండి, ప్లాస్మా కణాల మీద తగ్గుతుంది. మనిషిలో అందుకు విరుద్ధంగా ప్లాస్మా కణాల మీద అది చాలా ఎక్కువగా ఉంటుంది. మైలోమా ప్లాస్మా కణాల క్యాన్సర్ కనుక, డారటుముమాబ్ వంటి మందు మనిషి సీడీ38ను పట్టుకొని ఆ కణాలను దెబ్బతీస్తుంది. మనిషికి ఇచ్చే మందుకు మనిషి కణాలలో ఉన్న స్థితే ప్రమాణం. పాక్స్5 తగ్గడం, బ్లింప్-1, ఎక్స్‌బీపీ1 పెరగడం వంటి ప్రధాన మార్పులు ఎలుకలోనూ మనిషిలోనూ ఒకే తీరున ఉన్నా, కణం ఉపరితలం మీది గుర్తులు కొన్ని ఇలా తిరగబడి ఉంటాయి. మోతాదు, దుష్ప్రభావాల గురించి బావగారికి చికిత్స చేస్తున్న వైద్యులనే అడగండి.

ప్రశ్న: ఇటువంటి విశ్లేషణ నేర్చుకోవాలని ఉంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్, పెద్ద కంప్యూటర్ కావాలా?
– బీఎస్సీ విద్యార్థి, ఎంవీపీ కాలనీ

సమాధానం: అక్కరలేదు. ఆర్ భాష, దాని మీద నడిచే బయోకండక్టర్ ప్యాకేజీలు ఉచితం. ముడి రీడ్లను జన్యుపటానికి జోడించే పనికి కొంత పెద్ద యంత్రం కావాలి. జోడించి లెక్కకట్టిన కౌంట్ల పట్టికలు చాలా అధ్యయనాలకు సిద్ధంగా దొరుకుతాయి, ఆరు నమూనాల పట్టిక మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ కంటే ముందు గణాంకశాస్త్రంలో ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. 20,000 జన్యువులను ఒక్కొక్కటిగా 0.05 హద్దుతో పరీక్షిస్తే, నిజంగా ఏ తేడా లేకపోయినా సుమారు 1,000 జన్యువులు కేవలం యాదృచ్ఛికంగా ‘తేడా ఉన్నవి’గా తేలతాయి. అందుకే పట్టికలో పీ విలువల (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశాన్ని చెప్పే సంఖ్యల) నిలువు వరుసను వదిలి, 1995లో బెంజమిని, హోక్‌బెర్గ్ ప్రతిపాదించిన తీరున సవరించిన విలువల వరుసను చూడాలి. సాధన కోసం ఎలుక బీ, ప్లాస్మా కణాల సమాచారంతోనే మొదలుపెట్టండి. పాక్స్5 కిందికి, బ్లింప్-1 పైకి రాకపోతే నమూనాల పేర్లు తారుమారయ్యాయేమో వెంటనే సరిచూసుకోవచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, బ్లింప్-1 అని వెతికితే పట్టికలో దొరకదు; అక్కడ దాని పేరు పీఆర్‌డీఎం1.